సామెతల గ్రంథాన్ని ఎదుటివాళ్ల కోసం కాకుండా మన కోసం చదవడం ఎలా?

బైబిల్లో మూర్ఖుల గురించి ఒక వచనం చదవగానే మీకు ముందు ఎవరు గుర్తొస్తారు? బావమరిది, ఆఫీసులో మేనేజరు, సంఘంలో ప్రతిదానికీ పేచీ పెట్టే పెద్దమనిషి... ఇలా ఎవరో ఒకరు. సామెతల గ్రంథంతో వచ్చే చిక్కే ఇది. 31 అధ్యాయాలూ చదివేస్తాం, మూర్ఖులంతా బయటే కనిపిస్తారు. ఆ పుస్తకాన్ని మన హృదయం వైపు తిప్పుకోవాలంటే ఇలా చదివి చూడండి.

1. తక్కువ చదవండి

ఏ తేదీ అయితే ఆ అధ్యాయం చదవడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. మొదటి 9 అధ్యాయాలకు అది బాగా కుదురుతుంది. అవి ఎక్కువగా తండ్రి కొడుక్కి కూర్చోబెట్టి చెప్పే మాటలు కాబట్టి ఏకబిగిన చదవచ్చు. 10వ అధ్యాయం నుంచి దాదాపు ఏ వచనానికి ఆ వచనమే. అక్కడ 30 వచనాలు గబగబా చదివితే ఒక్కటీ మనసుకెక్కదు. మూడో నాలుగో చదివి, అందులో గుచ్చుకున్నది ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.

2. మూర్ఖుడంటే ఎవరో తెలుసుకోండి

బైబిలు చెప్పే మూర్ఖుడు చదువు రానివాడు కాదు, పరీక్షలో తప్పినవాడూ కాదు. సామెతలు 1:22లో (అంటే 1వ అధ్యాయం, 22వ వచనం) జ్ఞానం వీధిలో నిలబడి ముగ్గురిని నిలదీస్తుంది: జ్ఞానము లేనివారు, అపహాసకులు, బుద్ధిహీనులు. మొదటివాడు ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. వాడికింకా నేర్చుకునే అవకాశం ఉంది. బుద్ధిహీనుడికి చెప్పినా చెవికెక్కదు. అపహాసకుడు ఇంకో అడుగు ముందుకేసి చెప్పినవాణ్ణే ఎగతాళి చేస్తాడు. తప్పు చూపిస్తే అపహాసకుడు నిన్ను ద్వేషిస్తాడు, జ్ఞాని నిన్ను ప్రేమిస్తాడు అంటుంది 9:8. ఆ లెక్కన పీహెచ్‌డీ చేసినవాడు, పుల్పిట్ ఎక్కి ప్రసంగించేవాడు కూడా మూర్ఖుల్లో ఉండొచ్చు.

మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు మనిషి హృదయంలోనుంచి వచ్చే చెడుగులను వరసగా చెబుతాడు. దొంగతనం, నరహత్య, వ్యభిచారం ఉన్న ఆ వరసలోనే చివర అవివేకం ఉంది. కాబట్టి దీన్ని తెలివితక్కువతనం అని నవ్వి వదిలేయడానికి లేదు.

నోటుపుస్తకంలో ఇప్పుడు రెండు ప్రశ్నలు రాయండి. ఈ మధ్య నన్ను ఎవరు సరిచేశారు? నేనేమన్నాను? "నీకేం తెలుసు?" అన్నారా, "ముందు నీ పిల్లల సంగతి చూసుకో" అన్నారా? అన్న మాటని అన్నట్టే రాయండి, మెత్తబరచకండి.

3. వచనం పక్కన ఒక నిజమైన నిర్ణయం పెట్టండి

మీ తోడల్లుడు చిట్టీ పాడుకున్నాడు. "మీరు కాక నాకెవరున్నారు అన్నయ్యా" అంటూ ష్యూరిటీ సంతకం అడుగుతున్నాడు. సామెతలు ఈ విషయంలో చాలా గట్టిగా మాట్లాడుతుంది. తెలుగు బైబిల్లో దీన్నే 'పూటపడడం' అంటారు. కట్టడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే కిందున్న పరుపు కూడా లాక్కుపోతారు అంటుంది 22:27. ఇప్పటికే మాట ఇచ్చేసి ఉంటే, నిద్ర కూడా మానుకుని వెళ్లి బతిమాలి విడిపించుకో అంటుంది 6వ అధ్యాయం.

ఇంతవరకు లెక్క తేలికే. హృదయం లెక్క వేరు. సంతకం పెట్టాలని ఎందుకనిపిస్తోంది? తోడల్లుడి మీద ప్రేమా, లేక అత్తగారింట్లో మంచివాడనిపించుకోవాలనా? మనలో సగం సంతకాలు మొహమాటంతో పడేవే. మరి వద్దనాలని ఎందుకనిపిస్తోంది? జాగ్రత్తా, లేక పిసినారితనానికి వచనం తోడు తెచ్చుకుంటున్నామా? ఎందుకంటే అదే పుస్తకం 3:28లో, నీ దగ్గర ఉంచుకుని పొరుగువాడితో "రేపు రా" అనొద్దంటుంది. రెండూ కలిపి చూస్తే ఒక దారి కనిపిస్తుంది. సంతకం పెట్టకండి. తిరిగి రాకపోయినా ఇల్లు గడుస్తుందనుకున్న మొత్తం ఏదైనా ఉంటే చేతిలో పెట్టండి.

4. "నాకు సమాధానం కలిగింది" దగ్గర ఆగిపోకండి

విశ్వాసుల మధ్య ఇది పెద్ద మాట. సమాధానం అంటే ఇక్కడ మనశ్శాంతి. ప్రార్థన చేశాను, మనసుకు నెమ్మది కలిగింది, ఇక దేవుడి చిత్తమే అంటాం. సంవత్సరం మొదటి రోజున సంఘంలో తీసుకున్న వాగ్దాన కార్డు (బైబిలు వచనం రాసిన చీటీ) కూడా అటే ఉంటే ఇక తిరుగులేదు! కానీ తన మనస్సును నమ్ముకొనువాడు బుద్ధిహీనుడు అని 28:26 చెబుతుంది. గిబియోను అనే చోట దేవుణ్ణి వివేకం గల హృదయాన్ని అడిగి తెచ్చుకున్న సొలొమోను రాజుకే ముసలితనంలో ఆ హృదయం దారితప్పిందని 1 రాజులు 11లో ఉంది. ఒకసారి దొరికిన జ్ఞానం జీవితాంతం కాపలా కాయదు.

యాకోబు 1:5 చెప్పినట్టు జ్ఞానం కోసం దేవుణ్ణి అడగండి. అడిగాక మనుషుల్ని కూడా అడగండి. సొలొమోను కొడుకు రెహబాము రాజయ్యాక పెద్దల మాట తోసేసి, తనతో పెరిగిన కుర్రాళ్ల మాట విని ఇశ్రాయేలులో పది గోత్రాలను పోగొట్టుకున్నాడు. అతను సలహా అడగకపోలేదు. నచ్చిన సలహా దొరికేదాకా అడిగాడు. అందుకే ఇంతకుముందు మీ మొహం మీద ఒక్కసారైనా "వద్దు" అన్న మనిషి దగ్గరికి వెళ్లండి. మీ నిర్ణయంతో ఆ మనిషికి లాభం ఉండకూడదు.

5. ఒకే వచనంతో తీర్పు చెప్పేయకండి

మూర్ఖుడికి బదులివ్వొద్దంటుంది 26:4. ఇవ్వమంటుంది ఆ పక్కనున్న 26:5. సంఘం వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండింటికి మొదలైన వాదనకు సాధారణంగా మొదటిదే పనికొస్తుంది. అబద్ధం ఒకటి పాకి ఎవరి పరువో పోతుంటే రెండోది.

పిల్లాణ్ణి సరైన త్రోవలో పెంచితే పెద్దయ్యాక కూడా దాన్ని వదలడనే 22:6ను గ్యారంటీ కార్డులా చూపించి, కొడుకు దారితప్పిన తల్లిని నిందించడం మాత్రం దుర్మార్గం. యోబు స్నేహితులు చేసింది అదే. మంచివాడికి మంచే జరుగుతుందనే మాట పట్టుకుని బాధలో ఉన్నవాణ్ణి పొడిచారు.

6. దొరికిపోయినప్పుడు ఒప్పుకోండి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మూర్ఖుణ్ణని ఒప్పుకుంటే పరువేం కావాలి? జ్ఞాని కావాలనుకునేవాడు ముందు వెఱ్ఱివాడు కావాలంటాడు అపొస్తలుడైన పౌలు 1 కొరింథీయులకు 3:18లో. అదే పత్రిక మొదటి అధ్యాయంలో సిలువ కబురే లోకానికి వెఱ్ఱితనంగా కనిపిస్తుందంటాడు. ఆ సిలువను నమ్ముకున్నవాళ్లకు తెలివైనవాళ్లలా కనిపించాల్సిన టెన్షన్ ఎందుకు?

నోటుపుస్తకంలో రాసిన ఆ మాట మళ్లీ తీయండి. అది ఎవరితో అన్నారో వాళ్లకు మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేయండి. "ఆ రోజు నువ్వు చెప్పింది నిజమే, నేనే వినలేదు" అనండి. దాని వెనక "కానీ నువ్వు కూడా..." అని మాత్రం కలపకండి.