ఇంగ్లాండ్ వార్డుల్లోకి కొత్తగా వచ్చే మన నర్సులకి: మీ పేషెంట్ల లెక్క మీరే రాసుకోండి

బ్యాంకు అకౌంటు, అద్దిల్లు, నర్సు రిజిస్ట్రేషన్ కోసం పెట్టే ఓస్కీ ప్రాక్టికల్ పరీక్ష, ఇవన్నీ మీ బ్యాచ్ వాళ్లు చెప్తారు. నేను ఒక్కటే చెప్తా, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో మీకు ఎంతమందిని అప్పజెప్పారో చూసుకోండి. మొన్న నైట్‌లో మా వార్డుకి కొత్తగా వచ్చిన అమ్మాయి 12 మందిని చూస్తూ తెల్లారేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు, ఇన్‌ఛార్జ్ ఎలా ఉందని అడిగితే మాత్రం "ఓకే" అంటోంది. నా మొదటి నెలలూ అచ్చం అలాగే ఏడ్చాయి.

నొప్పితో మూలుగుతున్నాయనకి మార్ఫిన్ తియ్యాలంటే కబోర్డు దగ్గర రెండో సంతకం కావాలి, ఆ రెండో నర్సేమో అవతలి బేలో బీపీ పడిపోయినావిడని వదిలి రాలేదు, ఈలోపు బజర్లు, పదింటికి పెట్టాల్సిన యాంటీబయాటిక్ పదకొండున్నరకి ఎక్కుతుంది. ఇది మీ చేతకానితనం కాదమ్మా, మనుషులు చాలకపోవడం.

కాలిఫోర్నియాలో లాగా నర్సుకి ఇంతమందే అనే చట్టం ఇక్కడ లేదు. కానీ పెద్దవాళ్ల వార్డుల కోసం ఇక్కడి వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2014లో ఇచ్చిన గైడ్‌లైన్ ఉంది. పగలు ఒక్కో నర్సుకి 8 మంది దాటితే పేషెంట్లకి ముప్పు పెరుగుతుందని ఆధారాలున్నట్టు అందులోనే రాశారు. నొప్పి మందు 30 నిమిషాలకి మించి ఆలస్యమైనా, ఇవ్వాల్సిన మందు తప్పిపోయినా, వార్డులో రిజిస్టర్డ్ నర్సులు ఇద్దరు లేకపోయినా రెడ్ ఫ్లాగే, అంటే నర్సులు చాలట్లేదేమోనని హెచ్చరిక.

అది జరిగితే వెంటనే ఇన్‌ఛార్జ్‌కి చెప్పండి, ఇంటికెళ్లే ముందు డేటిక్స్ (కంప్యూటర్లో పెట్టే ఘటన రిపోర్టు) రాయండి. "చాలా బిజీ" అని రాస్తే ఎవరికి పనికొస్తుంది? "2:40కి నొప్పి మందు అడిగారు, 3:35కి ఇచ్చాను, నర్సులు ఇద్దరం, పేషెంట్లు 24" అని రాయండి. మీ సొంత డైరీలో మాత్రం పేషెంట్ల పేర్లు వద్దు.

వీసా పోతుందేమో, మేనేజర్ ఏమనుకుంటుందో అని ఎన్నాళ్లు గుటకలు మింగుతారు? పేషెంటుకి ముప్పుందనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా చెప్పాలని నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీ కోడే అంటోంది, చెప్పకపోతేనే మీ రిజిస్ట్రేషన్ పిన్‌కి ఇబ్బంది.

సరే, ఇంత భయపెట్టాక ఇదీ చెప్పాలిగా, కొన్ని నెలలకి చెయ్యి తిరుగుతుంది, షీటు చూడగానే ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసిపోతుంది. మా వార్డులో డేటిక్స్ రాసినవాళ్లు ఇంకా అందరూ ఉద్యోగంలోనే ఉన్నారు. యూనియన్‌లో చేరనివాళ్లు ఈ వారమే చేరండి, ఆర్‌సీఎన్ అయినా యూనిసన్ అయినా సరే.