విరిగిన ఎముక, వెనకొచ్చే చిక్కులు – 4వ పాఠం: నాడి ఆడుతోంది కదా అని...

రక్తపుగడ్డల పాఠం వచ్చే వారానికి వాయిదా పడింది. కారణం పోయినసారి లెక్కకు వచ్చిన జవాబులే. మోకాలి కింద ఎముక విరిగి పిండికట్టు వేసిన మనిషికి పదో గంటలో నొప్పి భరించరానిదైంది, పాదం మీద నాడి ఆడుతోంది, ఏం చేయాలి అని అడిగాను. ‘నాడి బాగుంది, ఇంకో నొప్పి బిళ్ల’ అని ఎక్కువమంది రాశారు. ఆ బిళ్లతో కాలు పోవచ్చు. ఇవాళ్టి పాఠం ఆ ప్రమాదం, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ గురించే.

మోకాలి కింద కండరాలు నాలుగు అరల్లో, అంటే గట్టి పొర గదుల్లో ఉంటాయి. అర గోడ సాగదు. లోపల రక్తం చేరి, కండరం వాచితే ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది బీపీ కొలిచే లెక్కలోనే (mmHg) 10 లోపే. బీపీ 110/70 ఉన్నవారికి అరలో 50కి చేరిందనుకోండి. పెద్ద ధమనిలో ఒత్తిడి 110 దాకా పోతుంది కాబట్టి నాడి చక్కగా ఆడుతుంది. కండరానికి రక్తమిచ్చే సన్నటి నాళాలు మాత్రం ఆ 50కే నలిగిపోతాయి. వేళ్లు వెచ్చగా ఉంటాయి, గోరు నొక్కి వదిలితే ఎర్రబడుతుంది కూడా. నాడి ఆగేదాకా ఆగితే కండరం చచ్చాక తెలుస్తుంది. దానికి ఆరు గంటలు చాలు. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు.

మరి ఏం చూడాలి? బొటనవేలిని మెల్లగా పైకి, కిందికి వంచండి. పిక్కలోనో ముందు కండరంలోనో ప్రాణం పోయేంత నొప్పి వస్తే అదే గుర్తు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చర్మం మొద్దుబారిందా అడగండి. నేనైతే రోగిని చూసి రాసే చీటీలో నాడిని ఆఖరి గడిలో రాయిస్తాను.

పసిపిల్లలు చెప్పలేరు: ఊరుకోబెట్టినా ఆగని ఏడుపు, గంటగంటకీ నొప్పి మందు వేయాల్సి రావడం చాలు, అదే గుర్తు. మోచేతి పైన విరిగిన పిల్లల్లో దీన్ని వదిలేస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. జర్మన్ సర్జన్ ఫోల్క్‌మాన్ ఈ సంగతి 1881లోనే రాశాడు.

కాలిని దిండ్ల మీద ఎత్తొద్దు, గుండె మట్టానికే ఉంచండి. ఎత్తితే వచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. ఐసు వద్దు. పుత్తూరు కట్టులాంటి గుడ్డకట్టయితే బద్ద కదలకుండా చుట్లు వదులు చేసి ఎమర్జెన్సీకి బయల్దేరండి. పిండికట్టును అక్కడ రెండు వైపులా, లోపలి దూదితో సహా చర్మం దాకా చీల్చాలి. పైపెంకు మాత్రమే కోసి పంపడం సగం పనే. అప్పటికీ నొప్పి తగ్గకపోతే అరలు తెరిచే ఆపరేషనే.

అభ్యాసం: బీపీలో కింది అంకె నుంచి అర ఒత్తిడి తీసేయండి, 30 లేదా అంతకు తక్కువైతే ప్రమాదం. బీపీ 120/70, అర ఒత్తిడి 45. 110/60, అర 28. 90/50, అర 25. మూడింటికీ జవాబు, మూడోదానికి కారణం కూడా రాయండి. అందులో అర ఒత్తిడి అన్నిటికంటే తక్కువని మోసపోకండి.