వేళ్లతో కాగితం మడత – 3వ పాఠం: గ్లాసు

మొదటి రెండు పాఠాల్లో అంచునూ మూలనూ మడతనూ వేలితో గుర్తుపట్టడం, కాగితాన్ని సగానికి మడవడం నేర్చుకున్నారు. ఈసారి గ్లాసు. చూపు పోయిన కొత్తలో ఏ పని చేసినా ‘సరిగ్గా వచ్చిందా?’ అని పక్కవాళ్లను అడగాల్సి రావడమే మనసును ఎక్కువ కుంగదీస్తుంది. కాగితపు కొంగ మెడ తిన్నగా ఉందో లేదో ఎవరో చెప్పాలేమో గానీ, గ్లాసు సంగతి మీకే తెలుస్తుంది. నాలుగు నాణేలు వేయండి. నిలిస్తే గ్లాసు, జారిపోతే మళ్లీ మడవాలి.

కావలసినవి: 70 లేదా 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఏ4 కాగితం ఒకటి, కనీసం 35 సెం.మీ. వెడల్పున్న, అంచులు లేచి ఉన్న ట్రే ఒకటి, కొంచెం టేపు. చేతులు పొడిగా తుడుచుకోండి. చెమట తగిలిన కాగితం మెత్తబడి, మడత గీత వేలికి అందదు. మధుమేహం వల్ల వేళ్ల కొసల్లో స్పర్శ తగ్గినవాళ్లు 100–120 జీఎస్‌ఎం కాగితం తీసుకోండి. దాని అంచు స్పష్టంగా తెలుస్తుంది, మడతను మాత్రం గట్టిగా గీయాలి.

ముందు చతురస్రం చేద్దాం. పొట్టి అంచు మీ వైపు ఉండేలా కాగితాన్ని పరచండి. ఎడమవైపు దగ్గరి మూలను ఎత్తి, కుడివైపు పొడవాటి అంచు మీదికి తీసుకెళ్లండి. పొట్టి అంచు మొత్తం ఆ అంచుతో కలిసిందని వేలు జార్చి నిర్ధారించుకున్నాకే మడత నొక్కండి. కొత్తవాళ్ల తప్పుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి: ముందు నొక్కి, తర్వాత తడుముతారు. ఒకసారి పడిన గీత చెరగదు, తర్వాతి మడతను కూడా తనవైపు లాగేస్తుంది.

ఇప్పుడు రెండు పొరల త్రిభుజం, దాని అవతల ఒకే పొర ఉన్న పట్టీ తెలుస్తాయి. త్రిభుజం అంచును ఆసరాగా చేసుకుని పట్టీని వెనక్కి మడవండి. ముందుకూ వెనక్కూ మూడు నాలుగుసార్లు గోటితో గీసి, నెమ్మదిగా చించండి. ఆ పట్టీ పారేయకండి, ఈ పాఠంలో మీ స్కేలు అదే. ఏ4 కాగితం 21 సెం.మీ. వెడల్పు, 29.7 సెం.మీ. పొడవు కాబట్టి పట్టీ వెడల్పు 8.7 సెం.మీ. వస్తుంది. మనం చేసే గ్లాసు ఎత్తు కూడా అంతే! ఏ4 కొలతల నిష్పత్తి వల్ల కలిసొచ్చిన సౌకర్యం ఇది.

త్రిభుజం పొడవాటి అంచును మీ వైపు తిప్పి, ట్రే అంచుకు ఆనించండి. గోరు పెట్టి చూడండి. ఈ అంచు మూసుకుని ఉంటుంది, గోరు దూరదు. మిగతా రెండు ఏటవాలు అంచులు విడివిడిగా ఉంటాయి, పొరల మధ్య గోరు దూరుతుంది. మీ దగ్గరి అంచులోనూ గోరు దూరితే త్రిభుజాన్ని తప్పుగా తిప్పారన్నమాట.

పట్టీని త్రిభుజం మీద అడ్డంగా పరచి, దాని పొడవాటి అంచును ట్రే అంచుకు తోయండి. కుడి ఏటవాలు అంచును దాటేదాకా పట్టీని కుడికి జరపండి. పట్టీ అవతలి అంచు ఆ ఏటవాలు అంచును ఎక్కడ దాటుతుందో వేలితో పట్టుకుని, అక్కడ చిన్న టేపు ముక్క అంటించండి. కుడి మూల నుంచి అది సుమారు 12.3 సెం.మీ. దూరంలో ఉంటుంది. పట్టీ తీసేయండి.

కుడి చూపుడువేలిని టేపు మీద ఉంచండి. ఎడమ మూలను రెండు పొరలూ కలిపి ఎత్తి, ఆ వేలి దగ్గరికి తీసుకురండి. నొక్కకముందే పట్టీతో సరిచూసుకోండి: మడత పై అంచు, పట్టీ పై అంచు ఒకే చోట ఉండాలి. మడత అంచు ఏటవాలుగా తగిలితే మూల టేపును చేరలేదు, లేదా దాటింది. సరిచేశాక, మడత నడుమ నుంచి రెండు చివరలకూ బొటనవేలితో గీయండి.

రెండో మూలకు పట్టీ అక్కర్లేదు. మొదటి మడతతో ఎడమవైపు పైన ఒక కొత్త మూల ఏర్పడింది. కుడి మూలను తెచ్చి సరిగ్గా దానికి తాకించి నొక్కండి.

పైన ఇంకా రెండు త్రిభుజపు రెక్కలు నిలిచి ఉంటాయి. గోటితో వాటిని విడదీయండి. పై రెక్కను మీ వైపుకు మడిచి, ఇప్పుడే మడిచిన మూల పొరల మధ్య ఉన్న సంచిలోకి దోపండి. మొత్తం తిప్పి, రెండో రెక్కను అటువైపు కిందికి మడవండి. రెండు రెక్కలూ ఒకే వైపు పడితే గ్లాసు నోరు మూసుకుపోతుంది, ఎక్కువమందికి తడబాటు ఇక్కడే. బొటనవేళ్లు నోట్లో దూర్చి, పక్కలను లోపలికి నొక్కితే గ్లాసు విచ్చుకుంటుంది. మడిచినప్పుడు నోటి దగ్గర 12.3, అడుగున సుమారు 5.1 సెం.మీ. వెడల్పు ఉంటుంది. అడుగు ఒకవైపు మొగ్గితే రెండు మూలలు సమంగా పడలేదు. నీళ్లు పోస్తే ఈ కాగితం కాసేపటికి మెత్తబడుతుంది, పొడి వస్తువులకే వాడండి.

వారంలో ఆరు గ్లాసులు చేయండి. ఏడోది ఫోనులో మరొకరితో చేయించండి. వాళ్లకు చూపున్నా, లేకపోయినా సరే. ‘ఇటు’, ‘ఇలా’ అనే మాటలు వాడొద్దు. ‘మూసిన అంచు’, ‘విడి అంచు’, ‘మీ దగ్గరి మూల’ అని చెప్పండి. అవతలి మనిషి ఎక్కడ ఆగిపోతే, మీ వర్ణనలో అక్కడే ఏదో తప్పిపోయిందని గుర్తుపెట్టుకోండి. మడత పుస్తకాలు బాణాల మీద, చుక్కల గీతల మీద ఆధారపడతాయి, మన పని మాటతో నడవాలి. జపాన్‌లో చూపులేని సబురో కాసే అనే కళాకారుడు ఎన్నో దేశాల పిల్లలకు మడతలు నేర్పాడు.

4వ పాఠం మూత ఉన్న పెట్టె. ఏ4 నుంచి పట్టీ చించిన చతురస్రాలు రెండు సిద్ధం చేసుకోండి. వాటిలో ఒకదాన్ని, ఒకే మూల దగ్గర కలిసే రెండు అంచుల్లో ఒక్కోటి 4 మిల్లీమీటర్లు తగ్గించి కత్తిరించండి. అడుగు మూతలోకి దూరేది ఆ తేడాతోనే.