పైన అడవి కాలిందా? వాన రాకముందే ఈ జాగ్రత్తలు తీసుకోండి

మంటలు ఆరిపోయాయి, మన ఇంటిదాకా రాలేదు, బతికిపోయాం అనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కొండ కింద, వాగు పక్కన ఉండేవాళ్లకి చాలాసార్లు మంట కంటే దాని తర్వాత పడే వానతోనే ఎక్కువ ముప్పు.

ఏం జరుగుతుందంటే, ఆకులు కొమ్మలు కాలినప్పుడు వాటిల్లోని మైనం లాంటి పదార్థాలు ఆవిరై మట్టిలోకి దిగి, కొంచెం కింద చల్లగా ఉన్న చోట పొరలా పేరుకుంటాయి. నేల పూర్తిగా చల్లారి, అక్కడికి వెళ్లనిస్తే మీరే చూడొచ్చు, బూడిద పక్కకి తోసి కింద మట్టి మీద ఒక నీటిచుక్క వేయండి. తామరాకు మీద బొట్టులా గుండ్రంగా కూర్చుని ఐదు సెకన్లు దాటినా ఇంకట్లేదంటే ఆ నేల నీళ్లు తాగట్లేదన్నమాట. ఒక్కోసారి పైన ఇంకిపోయినట్టే ఉంటుంది, ఇంకో రెండు సెంటీమీటర్లు గీకి వేస్తే అక్కడ ఆగిపోతుంది.

దీనికి తోడు వానని ఆపే ఆకుల్లేవు, పీల్చుకునే ఆకుచెత్త లేదు, అందుకే మామూలు వానకే నీళ్లన్నీ ఒక్కసారిగా వాగులోకి వచ్చిపడతాయి, దార్లో బూడిద, మట్టి, మొద్దులు, కారంత బండరాళ్లు కలుపుకుని తడి కాంక్రీటులా దిగుతాయి. కాలిన వాలుల్లో అరగంటలో 7 మిల్లీమీటర్ల వానకే ఇలా జరిగిన సందర్భాలున్నాయని అమెరికా జియలాజికల్ సర్వే చెప్తోంది. కాలిఫోర్నియాలో మాంటెసిటో అనే ఊరి పైన కొండలు 2017 డిసెంబర్‌లో థామస్ ఫైర్ అనే కార్చిచ్చులో కాలాయి, ఆ మంట పూర్తిగా అదుపులోకి రాకముందే 2018 జనవరి 9 తెల్లవారుజామున కుండపోత వాన పడి బురద ముంచెత్తింది, 23 మంది పోయారు.

కాబట్టి ముందు మీ వాగు ఎక్కడ పుడుతుందో, ఆ పై భాగం ఎంత కాలిందో మ్యాప్‌లో చూసుకోండి, మీ వీధిలో ఒక్క చెట్టు కాలకపోయినా సరే. వాన సూచన కూడా మీ ఊరిది చూస్తే సరిపోదు, కొండ మీద ఏం పడబోతుందో చూడాలి, ఎందుకంటే మీ నెత్తి మీద ఎండ కాస్తుండగా కూడా వరద రావొచ్చు. రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి. ఖాళీ చేయమంటే వాన మొదలవ్వకముందే వెళ్లిపోండి, మొదలయ్యాక రోడ్డే ఉండకపోవచ్చు. ఇసుక బస్తాలు తక్కువ లోతు నీళ్లని మళ్లిస్తాయేమో గానీ బండరాళ్లని ఆపలేవు, వాటి మీద ధైర్యం పెట్టుకుని ఇంట్లో ఉండిపోవద్దు.

వాగు ఉన్నట్టుండి సన్నబడిందంటే సంతోషపడొద్దు, పైన మొద్దులు అడ్డం పడి నీళ్లు నిలబడి ఉండొచ్చు, అది తెగితే ఒక్కసారిగా వస్తుంది. నీళ్లు సడెన్‌గా చిక్కటి బురదగా మారినా, పైనుంచి రైలు వస్తున్నట్టు గర్జన వినపడినా సామాన్ల కోసం చూడకుండా పక్కకి, ఎత్తు మీదకి వెళ్లండి, వాగు వెంబడి కిందకి మాత్రం పరిగెత్తకండి. పారే నీళ్లు 15 సెంటీమీటర్లున్నా మనిషిని పడేస్తాయి, 30 ఉంటే చిన్న కారుని తేల్చేస్తాయి, అందుకని బండిలో ఉన్నా దాటే ప్రయత్నం చేయొద్దు. కల్వర్టులు మాత్రం పొడిగా ఉన్న రోజుల్లోనే శుభ్రం చేయించుకోండి, వాన పడుతుంటే అందులో దిగొద్దు.

తాగేనీళ్లు కొన్ని రోజులకి సరిపడా ముందే నింపిపెట్టుకోండి. వాగు నుంచి పైపు వేసుకున్నవాళ్లు బూడిదతో నల్లబడ్డ నీళ్లు రాకముందే వాల్వు కట్టేయాలి, లేకపోతే బూడిద బురద ట్యాంకులో పేరుకుని తర్వాత కడుక్కోలేక చస్తారు. ఇళ్లు కూడా కాలిన ఊళ్లలో ఇంకో సమస్య, కాలిఫోర్నియాలో 2018లో ‘క్యాంప్ ఫైర్’ అని పేరుపెట్టిన కార్చిచ్చు తర్వాత ప్యారడైజ్ అనే ఊరి నీళ్ల పైపుల్లో బెంజీన్ అనే క్యాన్సర్ తెచ్చే రసాయనం బయటపడింది, అది కాచితే పోదు, పైగా ఆవిరిలో మనమే పీలుస్తాం. టెస్ట్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగండి.

ఒక వానాకాలం గడిచింది కదా అని వదిలేయకండి, మొదటి రెండేళ్లు మరీ ప్రమాదం. ఆ తర్వాత మట్టి మళ్లీ నీళ్లు తాగుతుంది గానీ, ఈలోపు చచ్చిన చెట్ల వేర్లు కుళ్లి పట్టు పోతుంది కాబట్టి కొన్నేళ్లకి కొండచరియలు జారొచ్చు. మంచు పడే కొండల్లోనైతే నీడ పోయి, మసి రాలి మంచు ముందే కరుగుతుంది, వేసవి చివర్లో వాగు ఎండుతుంది. ఇంకా తర్వాత సంగతి చాలామందికి తెలీదు, ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌కి నీళ్లిచ్చే కొండల్లో 1939 మంటల తర్వాత మొలిచిన కొత్త అడవి ముసలి అడవి కంటే ఎక్కువ నీళ్లు తాగేసి, దశాబ్దాలపాటు వాగుల్లో నీళ్లు తగ్గిపోయాయి. అందుకే ఆ వాగు మీద పంటలున్నవాళ్లు ఒడ్డున కదలని బండ మీద పెయింట్‌తో గీత పెట్టి, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో వారం వారం రాసుకోవడం ఇప్పుడే మొదలుపెట్టండి.