జూయిష్ చికెన్ సూప్ సరిగ్గా రావట్లేదా? ఎక్కడ తేడా కొడుతుందో చూడండి

కోడి పులుసుకి అలవాటు పడ్డ చెయ్యి ఈ సూప్ దగ్గర తడబడుద్ది, నాకూ అదే అయింది, ఎందుకంటే ఇందులో తప్పుల్ని కప్పెయ్యడానికి అల్లం వెల్లుల్లి, కారం, గరం మసాలా ఏవీ ఉండవు. కోడి, నీళ్లు, ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ, పార్స్‌నిప్ అంటే తెల్ల క్యారెట్‌లా ఉండే దుంప, డిల్ అంటే మన సోయికూర, అంతే. తూర్పు యూరప్ యూదుల ఇళ్లల్లో శుక్రవారం రాత్రి షబ్బత్ (వాళ్ల వారాంతపు విశ్రాంతి దినం) భోజనానికి పెట్టేది ఇది. వాళ్ల భాష యిడ్డిష్‌లో గోల్డెన యోయ్ఖ్ అంటారు, బంగారు సూప్ అని. బౌల్ అడుగు కనపడాలి, పైన పసుప్పచ్చ నూనె చుక్కలు తేలాలి.

సూప్ తెల్లగా, కుడితిలా వచ్చిందా? మంట ఎక్కువైంది. కుతకుత ఉడికితే కొవ్వు చిన్న చిన్న చుక్కలుగా విరిగి నీళ్లలో కలిసిపోద్ది, ఇంక విడిపోదు. కుక్కర్‌లో విజిల్స్ వేయించినా ఇదే గొడవ. చన్నీళ్లలో కోడి వేసి మెల్లగా కాగనివ్వండి, పొంగు వచ్చే ముందు బూడిద రంగు నురగ తేలుద్ది, అది గరిటెతో పూర్తిగా తీసేశాకే కూరగాయలు వెయ్యండి. తర్వాత సిమ్‌లో పెట్టి చూస్తే గిన్నె అంచున ఒక బుడగ, కాసేపాగి ఇంకో బుడగ, అలా ఉండాలి. ఆల్రెడీ తెల్లబడిపోతే పల్చటి బట్టలో వడకట్టుకుని తాగెయ్యండి, రుచికేం కాదు.

నీళ్లలా ఉందా? షాపులో స్కిన్‌లెస్ బ్రాయిలర్ కొట్టించుకుని ఉంటారు. రుచీ రంగూ తోలు కొవ్వులోనే ఉంటాయండీ! స్కిన్‌తో అడగండి, లేయర్ కోడి దొరికితే ఇంకా మంచిది, మూడు గంటలైనా తట్టుకుంటుంది. కిలోన్నర కోడికి మూడు లీటర్ల నీళ్లు, నాలుగు కోడి కాళ్లు కూడా వేస్తే చిక్కదనం వస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే జెల్లీలా గడ్డ కట్టిందని కంగారు పడి పారబొయ్యకండి, అలా అయితేనే బాగా కుదిరినట్టు. పైన పేరుకున్న కొవ్వు తీసి దాచుకోండి, దాన్ని ష్మాల్ట్స్ అంటారు, కింద పని ఉంది. చిక్కదనం కోసం బటర్, క్రీమ్ మాత్రం వద్దు, మాంసంతో పాలు కలపకూడదన్నది వాళ్ల కోషర్, అంటే మతపరమైన ఆహార నియమం.

రంగు రాలేదా? ఉల్లిపాయని కడిగి పొట్టుతోనే వేసెయ్యండి. పసుపు వెయ్యాలనిపిస్తుంది, తెలుసు. యెమెన్ యూదులు పసుపు, మిరియాలు, జీలకర్ర ఉన్న హవాయిజ్ పొడి వేసి చేస్తారు, అదీ అద్భుతమే, కానీ అది వేరే సూప్.

తియ్యగా ఉంటే క్యారెట్, పార్స్‌నిప్ ఎక్కువైనట్టు, కాస్త ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం. ఆకు నలిగి, ఉడికీ ఉడికీ రుచి పాడైతే డిల్ ముందే వేసేశారు, అది చివరి పది నిమిషాల్లోనే.

ఉప్పు కషాయమైందా? అమెరికాలో ఉన్నవాళ్లు కోషర్ కోడి తెస్తే దానికి రక్తం లాగడానికి ముందే గంటసేపు ఉప్పు పట్టించి కడిగి ఉంటారు, కాబట్టి రుచి చూశాకే వేసుకోండి. ఎక్కువైతే వేడినీళ్లు కలపడమే దారి.

ఇక మాట్సా బాల్స్, అంటే మాట్సా అనే పులియని రొట్టె పొడితో చేసి ఈ సూప్‌లో వేసుకునే ఉండలు, రాయిలా రావడం, అందరి ఏడుపూ ఇదే. పిండి ఎక్కువ పడింది, లేదా నానలేదు, లేదా మధ్యలో మూత తీశారు. నాలుగు గుడ్లు, కప్పు మాట్సా పిండి, పావు కప్పు ష్మాల్ట్స్, పావు కప్పు సూప్, ఉప్పు. ముద్ద పల్చగా ఉందని ఇంకో స్పూన్ పిండి వెయ్యకండి, అరగంట ఫ్రిజ్‌లో పెడితే అదే బిగుస్తుంది. చెయ్యి తడి చేసుకుని, నొక్కకుండా, నిమ్మకాయ కంటే చిన్నగా చుట్టండి, ఉడికేటప్పుడు బాగా ఉబ్బుతాయి. సూప్‌లో కాదు, వేరే గిన్నెలో ఉప్పునీళ్లలో, మూత పెట్టి నలభై నిమిషాలు. తర్వాత ఒకటి మధ్యకి కొయ్యండి, లోపల ముదురు రంగు గుండ్రంగా కనపడితే ఇంకా పచ్చిగా ఉన్నట్టే, మూత పెట్టి ఇంకో పది నిమిషాలు ఉంచండి.