తోటలో వైఫై పెట్టాలంటే ముందు కేబులూ కరెంటూ చూస్కోండి

మాది నూజివీడు వైపు మామిడి తోట, ఇంటి దగ్గర్నుంచి మోటారు షెడ్డుకి 80 మీటర్లు ఉంటుంది, అక్కడ రెండు వైఫై కెమెరాలు పెట్టాలి, నాన్న ఫోన్‌కి నెట్ రావాలి అని పోయినేడు షెడ్డు మీద అవుట్‌డోర్ యాక్సెస్ పాయింట్, అంటే బయట బిగించే వైఫై డబ్బా పెట్టాను. కెమెరాలు రెండూ వీడియో పంపడం మొదలెట్టగానే అది ఆగిపోయి మళ్ళీ ఆన్ అయ్యేది. సిగ్నల్ ప్రాబ్లం అనుకుని డబ్బాని నాలుగు చోట్లకి మార్చాను, తీరా చూస్తే తేడా ఇంటి నుంచి లాగిన నెట్ కేబుల్లో ఉంది.

ఈ డబ్బాలకి కరెంటు కూడా నెట్ కేబుల్లోనే వెళ్తుంది, దాన్నే పీఓఈ అంటారు. షాపులో చవగ్గా ఇచ్చే కేబుల్ చాలావరకు అల్యూమినియం తీగ మీద రాగి పూత వేసింది. దూరం పెరిగేకొద్దీ అందులో వోల్టేజ్ పడిపోతుంది, లోడ్ పడగానే డబ్బాకి కరెంటు చాలదు. కొనేముందు ఒక తీగని బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే తీసుకోవద్దు, ఎర్రగానే ఉంటే అసలు రాగి. ఎండకి తట్టుకునే నల్ల తొడుగు అవుట్‌డోర్ కేబులే వేయండి, మామూలు బూడిద రంగుది ఎండకి పెళుసెక్కి పగులుతుంది. ఒక్క కేబుల్ 100 మీటర్లు దాటకూడదు.

తర్వాత డబ్బా వెనక లేబుల్ చదవండి. 24 వోల్టుల పాసివ్ (డబ్బాకి ఎంత కావాలో చూడకుండానే కరెంటు పంపే రకం) అని ఉంటే దానితో వచ్చిన ఇంజెక్టరే (నెట్ కేబుల్లోకి కరెంటు ఎక్కించే చిన్న పెట్టె) వాడాలి, దానికి 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ తగిలిస్తే కాలిపోతుంది. 802.3ఏఎఫ్ (పీఓఈకి ఉన్న ఒక స్టాండర్డ్) అని ఉంటే కరెంటు పంపే చోట 15.4 వాట్లు పంపిస్తే అటు చివర 12.95 వాట్లకి గ్యారంటీ, ఇంకా ఎక్కువ పవర్ ఇచ్చే 802.3ఏటీ అయితే 30 వాట్లకి 25.5. ఇంజెక్టర్ ఎప్పుడూ ఇంట్లోనే ఉండాలి, వానలో కాదు. దానికి రెండు రంధ్రాలుంటాయి, పీఓఈ అని రాసిన దాంట్లోంచే డబ్బాకి వెళ్ళాలి, రెండోది రౌటర్‌కి. ఇవి తారుమారైతే, ముఖ్యంగా పాసివ్ దాంతో, రౌటర్ పోర్టు పోవచ్చు. రౌటరూ ఇంజెక్టరూ రెండూ ఇన్వర్టర్ లైన్ మీదే పెట్టండి, ఒకటి పెట్టి ఇంకోటి మర్చిపోతే కరెంటు పోయినప్పుడు నెట్ ఉండదు.

ఇక బిగించడం. గ్లాండ్ నట్టు (కేబుల్ డబ్బాలోకి దూరే చోట నీళ్ళు పోకుండా బిగించేది) ముందు కేబుల్‌కి ఎక్కించి ఆ తర్వాతే ప్లగ్ క్రింప్ చేయండి, అంటే నొక్కి బిగించండి, చాలా గ్లాండ్లలోంచి ప్లగ్ దూరదు, మళ్ళీ కోసుకోవాల్సి వస్తుంది. కేబుల్ డబ్బాలోకి కింది నుంచే వెళ్ళాలి, వెళ్ళేముందు ఒక ఉచ్చులా కిందకి వేలాడదీస్తే వాన నీళ్ళు అక్కడే చుక్కలుగా రాలిపోతాయి. నేను మొదట అది వేయలేదు, నెల తర్వాత మూత తీస్తే ప్లగ్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

మూడు నాలుగు మీటర్ల ఎత్తు చాలు, చుట్టూ సిగ్నల్ ఇచ్చే రకాన్ని మరీ పైకి పెడితే సరిగ్గా కిందే సిగ్నల్ తగ్గుతుంది. కొబ్బరి చెట్టుకి మాత్రం కట్టొద్దు, గాలికి ఊగుతుంది, పిడుగుకీ అదే ముందు దొరుకుతుంది. ఆకులు గుబురుగా ఉన్నచోట 5 గిగాహెర్ట్జ్ తొందరగా చచ్చిపోతుంది, 2.4 కొంచెం నయం, తోటకి నేను 2.4నే నమ్ముకుంటాను, ఛానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెడతాను.

పిడుగుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దండి. డబ్బా బిగించిన ఇనప పైపుకి మంచి ఎర్త్ ఇప్పించండి, కేబుల్ రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్ (ఉన్నట్టుండి వచ్చే ఎక్కువ వోల్టేజ్‌ని ఎర్త్‌లోకి పంపేది) పెట్టి దానికీ ఎర్త్ కలపండి, ఎర్త్ లేకపోతే అది ఉన్నా లేనట్టే. షెడ్డుకి ఎలాగూ వేరే కరెంటు లైన్ ఉంటే రాగి కేబుల్ బదులు ఫైబర్ లాగి, అటూ ఇటూ మీడియా కన్వర్టర్ (ఫైబర్‌నీ నెట్ కేబుల్‌నీ కలిపే పెట్టె) పెట్టి, డబ్బాకి షెడ్డులోంచే కరెంటు ఇవ్వడం ఇంకా మంచిది, గాజు తీగ మీదుగా పిడుగు కరెంటు ఇంట్లోకి రాదు. కాకపోతే లోపల ఇనప తీగ ఉన్న ఫైబర్ తీసుకోకండి.

మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు ఒకసారి నిచ్చెనేసి మూత తీసి చూడండి, తడి కనిపిస్తే ఆరనిచ్చి గ్లాండ్ మళ్ళీ బిగించండి.