అప్‌గ్రేడ్‌కు ముందు ఆప్ట్ అవుట్‌పుట్ మార్చుకుంటున్నారా? ఈ జాగ్రత్తలు చూడండి

లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో 12 నుంచి 13కి మారబోతున్నవాళ్లకు ముందుగా ఒక మాట. ప్యాకేజీలను, అంటే సాఫ్ట్‌వేర్ మూటలను, పెట్టి తీసే ఆప్ట్ అనే టూల్ చూపించే అవుట్‌పుట్‌ను నచ్చినట్టు మార్చుకునే పని అప్‌గ్రేడ్ రోజున పెట్టుకోకండి. వారం ముందే, మామూలు అప్‌డేట్ల మీద చేసి చూసుకోండి. వందల ప్యాకేజీల పేర్లు గబగబా పైకి వెళ్లిపోతుంటే ఆ గోల తగ్గించాలని ఎవరికైనా అనిపిస్తుంది. తగ్గించండి, కానీ ఏయే ప్యాకేజీలు తీసేస్తోందో చెప్పే జాబితా మాత్రం కంటికి కనపడాలి.

అందరి చెయ్యీ ముందు అవుట్‌పుట్ తగ్గించే ‘హైఫన్ క్యూ’ ఆప్షన్ మీదకే వెళ్తుంది. ఒక క్యూతో ఇబ్బంది లేదు. శాతాలు కదలడం ఆగుతుంది, జాబితాలు ఉంటాయి, లాగ్ శుభ్రంగా వస్తుంది. రెండు క్యూలు పెడితే మాత్రం జాబితా మాయమవుతుంది, పైగా మీ తరఫున ‘యెస్’ కూడా ఆప్టే చెప్పేసుకుంటుంది. నిజంగా ఏదీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపే సిమ్యులేషన్‌కు వాడే హైఫన్ ఎస్ లాంటిది తోడు లేకుండా రెండు క్యూలు వాడవద్దని ఆప్ట్-గెట్ మాన్యువల్‌లోనే ఉంది. నేనది చదవలేదు. రెండు క్యూలతో ఎలియస్, అంటే కమాండ్‌కు ఒక చిన్న పేరు, రాసుకుని, ఓ రోజు టెస్ట్ సర్వర్‌లో డిస్ట్-అప్‌గ్రేడ్‌కి (అవసరమైతే ప్యాకేజీలు తీసేసైనా అన్నిటినీ అప్‌గ్రేడ్ చేసే కమాండ్‌కి) వాడాను. ఆగి అడగాల్సిన చోట అడగలేదు. ‘రిమూవింగ్’ అంటూ వరసలు పడుతుంటే గుండె జారిపోయింది. చివరికి /వార్/లాగ్/ఆప్ట్ ఫోల్డర్‌లోని హిస్టరీ లాగ్‌లో ‘రిమూవ్’ వరస చూసి, పోయినవన్నీ ఒక్కొక్కటిగా తిరిగి పెట్టుకున్నాను.

నిజంగా పనికొచ్చే మార్పు ‘ఆప్ట్::గెట్::షో-వర్షన్స్’ని ట్రూ చేయడం. అప్పుడు ప్యాకేజీలు ఒక్కో వరసకు ఒకటిగా, పాత వర్షన్, బాణం గుర్తు, కొత్త వర్షన్‌తో కనిపిస్తాయి. ఈ సెట్టింగ్‌ను /ఈటీసీ/ఆప్ట్/ఆప్ట్.కాన్ఫ్.డి ఫోల్డర్‌లో విడి ఫైల్‌గా రాయండి. ఫైల్ పేరుకు ఎక్స్‌టెన్షన్ ఉండకూడదు, ఉంటే ‘కాన్ఫ్’ మాత్రమే ఉండాలి. వేరేది పెడితే ఆప్ట్ ఆ ఫైల్‌ని పట్టించుకోదు. వరస చివర సెమీకోలన్ మరిచిపోతే ఆప్ట్ అసలు నడవకుండా ఎర్రర్ ఇస్తుంది. సేవ్ చేశాక ‘ఆప్ట్-కాన్ఫిగ్ డంప్’ నడిపి మీ వరస అందులో వచ్చిందో లేదో చూడండి.

డెబియన్ 13తో వచ్చే ఆప్ట్ 3.0 తొలగించేవాటిని ఎరుపులో, కొత్తవాటిని ఆకుపచ్చలో చూపిస్తుంది. ఆ రంగులు ఆపకండి.

అవుట్‌పుట్‌ని పైప్‌తో గ్రెప్‌లోకి (కావాల్సిన వరసల్ని మాత్రమే ఏరి చూపే కమాండ్‌లోకి) పంపే అలవాటుంటే అసలు అప్‌గ్రేడ్‌లో మానండి. మీరు మార్చిన కాన్ఫిగ్ ఫైల్ ఉంచాలా, కొత్తది వేయాలా అని మధ్యలో, ఆప్ట్ వెనకాల ప్యాకేజీలను నిజంగా పెట్టే డీపీకేజీ టూల్ అడుగుతుంది. ఆ ప్రశ్నను గ్రెప్ మింగేస్తే తెర స్తంభించినట్టు ఉంటుంది. టెన్షన్‌లో కంట్రోల్-సి కొడితే ప్యాకేజీలు సగం కాన్ఫిగర్ అయి మిగిలిపోతాయి. అలా అయిపోతే ‘డీపీకేజీ హైఫన్ హైఫన్ కాన్ఫిగర్ హైఫన్ ఏ’ నడపండి. గ్రెప్‌ని హైఫన్ ఎస్‌తో చేసే రిహార్సల్‌కు ఉంచుకోండి. అక్కడ తొలగింపులన్నీ ‘రెమ్వ్’ అనే పదంతో మొదలవుతాయి, వాటిని మాత్రమే ఏరి చదవొచ్చు.

అప్‌గ్రేడ్ రోజున టీమక్స్ (కనెక్షన్ తెగినా టెర్మినల్‌ను నడుస్తూనే ఉంచే టూల్) తెరిచి, అందులో తెర మీది అవుట్‌పుట్‌ను ఫైల్‌లో రాసే ‘స్క్రిప్ట్’ కమాండ్ మొదలుపెట్టి, అప్పుడు ఆప్ట్‌ని నడపండి. నెట్ తెగినా పని ఆగదు, తెర మీద పడిన ప్రతి అక్షరం ఫైల్‌లో ఉంటుంది.